దీపం చెప్పేది వేరు, వాల్వు చేసేది వేరు

ఫ్యాక్టరీ కట్టేటప్పుడు శంకుస్థాపన చేసినవారి పేరు రాతి మీద చెక్కిస్తారు. ప్రారంభోత్సవం చేసినవారి ఫోటో పేపర్లో వేస్తారు. యంత్రానికి రూపం ఇచ్చినవాడికి పేటెంటు వస్తుంది. కానీ ఆ ఫ్యాక్టరీ ఒకనాటి అర్ధరాత్రి వున్నట్టుండి ఆగిపోతే, చేతిలో మల్టీమీటరు, చంకలో డ్రాయింగుల కట్ట పెట్టుకుని వచ్చి, అది ఎందుకు ఆగిందో తేల్చినవాడికి మాత్రం మనవాళ్ళలో ఒక గౌరవమైన పిలుపు కూడా లేదు. "రిపేరువాడు వచ్చాడా?" అంటారు. యంత్రం తిరగ్గానే అతన్ని మరిచిపోతారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆటోమేషన్ యంత్రాల్లో లోపం వెతికే ఫీల్డ్ ఇంజనీరు చేసేది అసలైన సైన్సు. మనం తరగతిలో నేర్చుకునేదానికంటే ఒక విధంగా కష్టమైన సైన్సు. ఆ పని తెలిసినవాళ్ళు తక్కువైతే, తెలిసినవాళ్ళ మాట చెల్లకపోతే, నష్టం డబ్బుతో ఆగదు, ప్రాణాల దాకా పోతుంది. అటువంటివాళ్ళని తయారుచెయ్యవలసిన సైన్సు కాలేజీలు మనకి అందుకు సరిగ్గా వ్యతిరేకమైన అలవాటు నేర్పుతున్నాయని నా అభియోగం. పెద్దలు దీన్ని కోపంగా కాక ఓపికగా వినాలని మనవి.

ముందుగా ఆటోమేషన్ అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. చక్కెర ఫ్యాక్టరీ కానివ్వండి, సిమెంటు ఫ్యాక్టరీ కానివ్వండి, పాల డెయిరీ, మందుల కంపెనీ ఏదైనా కానివ్వండి, లోపల జరిగే ఏర్పాటు ఒకటే. వేడి ఎంత వుందో, నీటిమట్టం ఎంత వుందో, ఒత్తిడి ఎంత వుందో కొలిచే సెన్సార్లు వుంటాయి. అవి కళ్ళు. అవి చెప్పిన కబురు అందుకుని, ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ప్రకారం ఏం చెయ్యాలో నిర్ణయించే పెట్టె ఒకటి వుంటుంది. దాన్ని పి.ఎల్.సి. అంటారు. అది బుర్ర. ఆ నిర్ణయాన్ని అమలుచేసే వాల్వులు, మోటార్లు, సిలిండర్లు చేతులు. ఈ మూడింటి మధ్యా వందల కొద్దీ, పెద్ద ఫ్యాక్టరీల్లో వేల కొద్దీ తీగలు నడుస్తాయి.

ఈ పెట్టె పుట్టిన కథ తెలుసుకోదగినది. 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కార్ల కంపెనీవారికి ఒక చిక్కు వచ్చిపడింది. కారు మోడలు మారినప్పుడల్లా బీరువాల నిండా వున్న రిలేల తీగలన్నీ విప్పి మళ్ళీ కలపవలసి వచ్చేది. తీగలు విప్పకుండా ప్రోగ్రాము మారిస్తే చాలనే యంత్రం కావాలని వారు అడిగారు. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన 'మోడికాన్ 084' 1969లో వచ్చింది. వాళ్ళు చేపట్టిన 84వ ప్రాజెక్టు కాబట్టి దానికి ఆ పేరు. ఆ పెట్టెకి రాసే ప్రోగ్రాము నిచ్చెన మెట్లలాగా వుంటుంది. ఎందుచేతనంటే ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకి రిలేల డ్రాయింగులు అప్పటికే అలవాటు. ఆ డ్రాయింగు చదవగలిగినవాడు ఈ ప్రోగ్రామునూ చదవగలగాలి, లోపం వెతకగలగాలి అనుకున్నారు. అంటే లోపం వెతికేవాణ్ణి దృష్టిలో పెట్టుకునే ఆ భాషను తీర్చిదిద్దారన్నమాట. వాళ్ళకున్న ఆ ముందుచూపు మన సిలబస్ వేసేవాళ్ళకి ఇంకా రాలేదు.

ఇక లోపం వెతకడం ఎట్లా వుంటుందో చూద్దాం. ఒక ట్యాంకు దగ్గర పంపు తిరగడం లేదు. తెర మీద 'నడువు' అన్న ఆజ్ఞ ఇచ్చారు. ఆ ఆజ్ఞ ప్రోగ్రాములోకి పోవాలి. అక్కడి షరతులన్నీ నెరవేరాలి. అవుట్‌పుట్ కార్డు పలకాలి. దాని వెనక చిన్న రిలే లాగాలి. ఆ రిలే పెద్ద కాంటాక్టరుకి కరెంటు ఇవ్వాలి. కాంటాక్టరు పడాలి. ఓవర్‌లోడ్ రిలే దాటాలి. కేబుల్ గుండా మోటారు చేరాలి. ఇట్లా ఎనిమిది మెట్లు. తెలియనివాడు మొదటి మెట్టు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతాడు, లేకపోతే తనకి ఏది అనుమానంగా తోస్తే అది విప్పుతాడు. తెలిసినవాడు సరాసరి మధ్యలోకి పోయి, అక్కడ ఓల్టేజి వుందో లేదో కొలుస్తాడు. వుంటే పై నాలుగు మెట్లూ బాగున్నట్టే. లేకపోతే లోపం పైనే వుంది. మిగిలిన నాలుగింటిని మళ్ళీ సగం చేస్తాడు. ఎనిమిది మెట్లయితే మూడు కొలతలు చాలు. అరవైనాలుగు మెట్లయినా ఆరు కొలతలే. ఇది మనం లెక్కల్లో రెండు ఘాతాలంటూ చదువుకున్నదే. పరీక్ష తరవాత మనం మరిచిపోయే లెక్క అక్కడ గంటల పనిని నిమిషాల్లోకి తెస్తుంది.

మెట్టు దొరకడంతో పని సగమే అవుతుంది. ఓవర్‌లోడ్ రిలే పడిపోయిందని తెలిసిందనుకోండి. బొత్తాం నొక్కి మళ్ళీ నిలబెడితే పంపు తిరుగుతుంది. పావుగంటకి మళ్ళీ పడిపోతుంది. రిలే పడడం జబ్బు కాదు, జ్వరం లాంటిది. జబ్బు వేరే చోట వుంది. బేరింగు బిగుసుకుపోయిందేమో, పంపులో చెత్త ఇరుక్కుందేమో, మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదేమో. ఈ సంగతి వ్యవసాయం చేసే ఇళ్ళలో పెరిగిన మాబోటివాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు. బోరు మోటారు స్టార్టరు మాటిమాటికీ పడిపోతుంటే, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయిందేమో చూడకుండా, బొత్తానికి పుల్ల ఆనించి బలవంతాన నడిపించేవాళ్ళు ప్రతి వూళ్ళోనూ వుంటారు. ఆ పూటకి మడి తడుస్తుంది. మర్నాడు మోటారు పైకి తీసి వైండింగుకి ఎత్తుకుపోతారు. పడిపోవడం ద్వారా స్టార్టరు చెప్పిన మాట వినకపోవడానికి పడ్డ జరిమానా అది.

కొలతలో కూడా ఎంత ఆలోచన దాగి వుందో చూడండి. ఫ్యాక్టరీల్లో సెన్సారు తన కబురును చాలాచోట్ల 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపుతుంది. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20, సగం వుంటే 12. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? తీగ తెగిపోతే కరెంటు సున్నా అవుతుంది. ఖాళీ ట్యాంకుకి కూడా సున్నాయే అయితే 'నీళ్ళు లేవు' అన్న కబురుకీ 'నేను చచ్చిపోయాను' అన్న కబురుకీ తేడా తెలియదు. అంచేత ఖాళీకి 4 పెట్టారు. లేదని చెప్పడం వేరు, చెప్పలేకపోవడం వేరు. ఎంత గొప్ప తర్కం! ఎమర్జెన్సీ స్టాప్ బొత్తాం కూడా అంతే. మామూలుగా ఆ బొత్తాం గుండా కరెంటు పోతూనే వుంటుంది. నొక్కితే ఆగుతుంది. మనిషి నొక్కినా యంత్రం ఆగాలి, ఎలక తీగ కొరికినా యంత్రం ఆగాలి. తప్పు జరగక తప్పనప్పుడు అది క్షేమం వైపు జరగాలన్నది అందులోని సూత్రం.

ఇంకొక ఉదాహరణ. వేడిని కొలిచే పి.టి. 100 అనే ప్లాటినం సెన్సారు వుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు, నూరు డిగ్రీల దగ్గర 138.5 ఓములు. అనగా డిగ్రీకి సుమారు 0.385 ఓము. దీన్ని రెండే తీగలతో కలిపారనుకోండి. ఎక్కడో ఒక స్క్రూ వదులై ఒక్క ఓము అదనంగా చేరితే తెర మీద వేడి రెండున్నర డిగ్రీలకి పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. డ్రయ్యరు రోజూ వేడెక్కువై ఆగిపోతోందని ఫిర్యాదు వస్తుంది. ఆవిరి వాల్వు మారుస్తారు, ప్రోగ్రాము మారుస్తారు, చివరికి ఆగే హద్దునే పెంచేస్తారు. అసలు వేడి పెరగనే లేదు! వదులైన స్క్రూ ఒకటి అబద్ధం చెబుతోంది. మూడు తీగల పద్ధతి వచ్చింది తీగల నిరోధాన్ని లెక్కలోంచి తీసెయ్యడానికే. ఓమ్ సూత్రాన్ని ఇంటర్మీడియెట్ నుంచి వల్లిస్తున్న మనలో ఎంతమందికి ఆ సూత్రం ఒక స్క్రూ దగ్గరికి దారి చూపిస్తుందని తోచింది?

వీటన్నిటికంటే కష్టమైనవి వచ్చిపోయే లోపాలు. మధ్యాహ్నం ఎండకి ప్యానెల్ వేడెక్కినప్పుడే వస్తాయి. పక్కన పెద్ద మోటారు మొదలైనప్పుడే వస్తాయి. ఇంజనీరు వచ్చి నిలబడితే మాయమవుతాయి. అటువంటప్పుడు తొందరపడ్డవాడు మూడు కార్డులూ, రెండు కేబుళ్ళూ ఒకేసారి మార్చేస్తాడు. యంత్రం నడుస్తుంది. ఏది మారిస్తే నడిచిందో ఎవరికీ తెలియదు. లోపం నెల తరవాత తిరిగొస్తుంది. ఓపికైనవాడు ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఇంకేం జరుగుతోంది అన్నది రాసుకుంటాడు. ఆపరేటరుని పక్కన కూర్చోబెట్టుకుని "ఆగే ముందు చప్పుడు మారిందా అన్నా?" అని అడుగుతాడు. ఊహ చెయ్యడం, ఆ ఊహ నిజమైతే ఇంకేమి కనబడాలో లెక్కగట్టడం, కొలిచి చూడడం, తప్పయితే సిగ్గుపడకుండా వదిలెయ్యడం - సైన్సు పద్ధతి అని మన మొదటి పాఠంలో రాసి వున్నది ఇదే కదా!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పని సరిగా జరగకపోతే ఏమవుతుంది?

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్కేంద్రంలో ఒత్తిడి పెరిగి ఒక వాల్వు తెరుచుకుంది. ఒత్తిడి తగ్గాక అది మూసుకోవాలి. మూసుకోలేదు. కానీ కంట్రోల్ రూములో దీపం చూసినవాళ్ళు మూసుకుందనే అనుకున్నారు. ఆ దీపానికి వాల్వు సంగతి నిజానికి తెలియదు. వాల్వుని తెరిచి వుంచే కాయిల్‌కి కరెంటు పోతోందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. కరెంటు ఆగింది, దీపం ఆరింది, వాల్వు మాత్రం తెరుచుకునే వుంది. రెండు గంటలకి పైగా నీరు అట్లా పోతూనే వుంది. రియాక్టరు గుండెకాయలో సగం వరకు కరిగిపోయింది. ఆజ్ఞ ఇవ్వడానికీ, ఆజ్ఞ అమలు కావడానికీ మధ్య వున్న దూరాన్ని ఎవరూ కొలవలేదు. ఫీల్డ్ ఇంజనీరు మొదటి పాఠమే అది. దీపం చెప్పేది వేరు, వాల్వు చేసేది వేరు. పోయి చూడు.

2005 మార్చి 23న టెక్సస్ సిటీలోని చమురు శుద్ధి కర్మాగారంలో సుమారు 170 అడుగుల టవరులోకి ద్రవం నింపుతున్నారు. మట్టం కొలిచే సాధనం టవరు అడుగుభాగాన్ని మాత్రమే కొలవగలదు. పైన ద్రవం పెరుగుతుంటే అది మట్టం మెల్లగా తగ్గుతున్నట్టు చూపిస్తూ వచ్చింది. మట్టం మించిపోతే మోగవలసిన రెండో అలారం మోగలేదు. పొంగిన ద్రవం ఆవిరై అంటుకుని 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ సాధనాల్లో కొన్ని సరిగా పనిచెయ్యడం లేదని ముందే తెలిసి కూడా బాగుచెయ్యకుండా మొదలుపెట్టారని విచారణలో తేలింది.

అవి ఎక్కడో దూరదేశపు సంగతులని తీసిపారెయ్యడానికి లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వూరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ తనలో తాను కలిసిపోతూ వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా త్వరగా కలుస్తుంది. కెమిస్ట్రీ విద్యార్థులు ఎవరైనా చెప్పగలిగిన విషయమే. ఆ ట్యాంకులో వేడిని కొలిచే సాధనం అడుగున మాత్రమే వుందనీ, పైభాగంలో పెరిగిన వేడి ఎవరికీ కనిపించలేదనీ ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది. ప్రమాద సమయంలో సైరన్ మోగనే లేదు. అడుగున పెట్టిన కన్ను పైన జరిగేదాన్ని చూడలేదు. తెర మీద అంకె తప్పు కాకపోవచ్చు, కానీ అది దేన్ని గురించిన అంకె అని అడిగేవాడు వుండాలి.

లోపం ఏమిటో తెలిసినా ఒక్కోసారి మాట చెల్లదు. ఒక యంత్రానికి తలుపు తెరిస్తే ఆగిపోయే ఏర్పాటు వుంటుంది. ఆ స్విచ్చి చెడిపోయింది. కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుంది. షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చి "సార్, ఈ ఒక్క రాత్రికి తీగ ముక్కతో కలిపెయ్యండి, రేపు చూసుకుందాం" అంటాడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయి. ఆగిన ప్రతి గంటకీ ఎన్ని లక్షలు పోతున్నాయో వినిపిస్తారు. తీగ ముక్క పెడితే అందరూ భుజం తట్టి టీ ఇప్పిస్తారు. పెట్టనన్నవాడు పనిరానివాడవుతాడు. ఆ ఒక్క రాత్రి ఆరు నెలలవుతుంది. ఆ తీగ ముక్క అక్కడ వుందని తెలిసినవాడు వేరే వూరికి బదిలీ అయిపోతాడు. ఏడో నెలలో ఒక కుర్రాడు, తలుపు తెరిచాం కదా యంత్రం కదలదు అన్న నమ్మకంతో లోపల చెయ్యి పెడతాడు.

బోరు మోటారు స్టార్టరుకి ఆనించిన పుల్లా, ఫ్యాక్టరీ ప్యానెల్లో కలిపిన తీగ ముక్కా ఒక జాతివే. పుల్ల కాల్చేది మన మోటారుని, తీగ ముక్క తీసేది ఇంకొకడి చేతిని. అంచేత రక్షణ ఏర్పాటుని పక్కన పెట్టడం అన్నది ఒక ఇంజనీరు అర్ధరాత్రి ఒంటరిగా తీసుకునే నిర్ణయం కాకూడదు. తప్పనిసరి అయితే రిజిస్టరులో రాయాలి, ఎంతసేపటికో గడువు పెట్టాలి, పెద్ద అధికారి సంతకం చెయ్యాలి, ఆ లోపల మనిషి కాపలా వుండాలి, షిఫ్టు మారినప్పుడు చెప్పి అప్పగించాలి. మంచి ఫ్యాక్టరీల్లో ఈ పద్ధతి వుంది. లేనిచోట 'నేను పెట్టను' అనగలిగే ఇంజనీరుకి చదువు ఇచ్చిన ధైర్యమూ, చట్టం ఇచ్చిన అండా రెండూ కావాలి.

ఇక మన కాలేజీ సంగతి. ప్రాక్టికల్ తరగతిలో మనకి నేర్పే అలవాటు ఏమిటి? జవాబు ముందే తెలుసు. గురుత్వ త్వరణం 980 రావాలి. 980 దగ్గరగా వస్తే మార్కులు, 1100 వస్తే ఎర్ర సిరా. అంచేత చాలా ల్యాబుల్లో రికార్డులు కింది నుంచి పైకి రాయబడతాయి. జవాబు ముందు, కొలతలు తరవాత. ఈ రహస్యం తెలియని విద్యార్థి లేడు, తెలియని లెక్చరరూ లేరు. మీటరు పనిచెయ్యకపోతే 'పక్క బల్ల మీది రీడింగులు రాసుకో' అంటారు. ఆలోచిస్తే ఆ రోజు ల్యాబులో జరిగిన అత్యంత విలువైన సంఘటన ఆ మీటరు చెడిపోవడమే! ఎందుకు చెడిపోయిందో వెతకడానికి రెండు గంటలు ఇచ్చి వుంటే ఆ విద్యార్థి ఆ సంవత్సరమంతటికీ సరిపడా ఫిజిక్సు నేర్చుకునేవాడు. దానికి బదులు, రావలసిన అంకె వచ్చినట్టు రాయడం నేర్చుకున్నాడు. ఈ అలవాటే రేపు కంట్రోల్ రూములో కూర్చుంటుంది. దీపం ఆరింది కాబట్టి వాల్వు మూసుకున్నట్టే అంటుంది.

దీనికి కొందరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, 'ఇది మెకానిక్కుల పని, బి.ఎస్.సి. చదివేది దీనికా?' అన్నది. ఈ మాట వెనక వున్నది చేతులు మురికి చేసుకునే పని తక్కువ, కుర్చీలో కూర్చుని చేసేది ఎక్కువ అన్న మన పాత జబ్బు. మట్టిలో చేతులు పెట్టిన తలిదండ్రులే 'నీకు ఈ మట్టి వద్దురా' అని మనల్ని చదివిస్తారు. వారి బాధ న్యాయమైనదే. కానీ దాన్నుంచి మనం తప్పు పాఠం నేర్చుకోకూడదు. వాళ్ళు తప్పించుకోమన్నది గిట్టుబాటు కాని కష్టం నుంచి, గౌరవం లేని బతుకు నుంచి. పని నుంచి కాదు. ఒంటి మీద చెయ్యి వేసి రోగం కనుక్కునే డాక్టరుని తక్కువవాడని మనం అనడం లేదే! యంత్రం మీద చెయ్యి వేసేవాడు ఎందుకు తక్కువవుతాడు?

రెండోది కొత్త అభ్యంతరం. 'రేపు కంప్యూటర్లే లోపాలు కనిపెడతాయి, కృత్రిమ మేధ వచ్చాక ఈ ఫీల్డ్ ఇంజనీర్లతో పనేమిటి?' అన్నది. బేరింగు కంపనాన్ని చూసి అది త్వరలో పోతుందని ముందే హెచ్చరించే ఏర్పాట్లు ఇప్పటికే వున్నాయి, అవి మంచివే. వాటిని నేను కాదనను. కానీ ఆ కంప్యూటరుకి లోకం తెలిసేది సెన్సారు ద్వారానే. సెన్సారే అబద్ధం చెప్పినప్పుడు ఎంత తెలివైన యంత్రమైనా ఆ అబద్ధం మీదే లెక్క కడుతుంది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ ఇరాన్‌లోని నటాంజ్ అణుకేంద్రంలో యంత్రాల్ని పాడుచేస్తూ, తెర మీద మాత్రం అంతా మామూలుగా వున్నట్టు పాత అంకెలే చూపించేలా చేసింది. తెర వెనక తెర పెట్టినా, ఎక్కడో ఒకచోట ఒక మనిషి లేచి వెళ్ళి పైపు మీద చెయ్యి ఆనించి, వేడి వుందా లేదా అని చూడవలసిందే. పైగా లోపాలన్నీ ఎలక్ట్రానిక్కువి కావు. వాల్వులో తుప్పు, గొట్టంలో నీరు, ప్యానెల్లో బల్లి, రాత్రి షిఫ్టువాడి నిద్రలేమి - వీటి కబురు ఏ తీగా మోసుకురాదు.

మూడోది, 'డబ్బెక్కడిది?' అన్నది. నేను కొత్త భవనాలు అడగడం లేదు. నేను అడిగేవాటికి చాలావరకు మన కాలేజీ గోడౌన్లో వున్న పాత సామాను చాలు.

ఒకటి. ప్రతి ల్యాబులోనూ 'చెడిపోయిన బల్ల' ఒకటి పెట్టండి. పనిచెయ్యని పవర్ సప్లయి, తప్పు చూపే మీటరు, తెగిన తీగ దాచిన సర్క్యూటు అక్కడ వుండాలి. ప్రతి విద్యార్థీ ఏడాదిలో కనీసం నాలుగుసార్లు దాని ముందు కూర్చోవాలి.

రెండు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్న లోపం వెతకడం మీద వుండాలి. లోపం దొరికిందా లేదా అన్నదానికి కొన్ని మార్కులే. ఏం అనుమానించాడు, ఎక్కడ కొలిచాడు, ఆ కొలత చూసి ఏ అనుమానాన్ని కొట్టేశాడు అన్నదానికి ఎక్కువ మార్కులు. 1100 వచ్చినవాడు 'నాకు 1100 వచ్చింది, కారణం ఇదనుకుంటున్నాను' అని నిజం రాస్తే వాడికి ఎర్ర సిరా వద్దు.

మూడు. మన ల్యాబు అటెండర్లూ, వర్క్‌షాపు ఎలక్ట్రీషియన్లూ ఎన్నో ఏళ్ళుగా ఈ పరికరాల్ని బతికిస్తున్నారు. ఏ ఆసిలోస్కోపుకి ఏ నాబ్ వదులో వాళ్ళకి తెలిసినంత పుస్తకాలకి తెలియదు. వాళ్ళచేత నెలకొక తరగతి చెప్పించండి. వాళ్ళు బోర్డు ముందు నిలబడితే మన ప్రొఫెసర్ల గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

నాలుగు. ఫ్యాక్టరీల్లో, సబ్‌స్టేషన్లలో, ఓడల మీద, గల్ఫు దేశాల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకి ఒక విన్నపం. మీరు కాలేజీకి ఇచ్చే చందాలకి కృతజ్ఞతలు. చందాతో పాటు ఒక్కొక్కరు ఒక్క లోపం కథ రాసి పంపండి. ఏం ఆగింది, మొదట ఏమనుకున్నారు, ఎందుకు కాదనుకున్నారు, చివరికి ఏది దొరికింది. కంపెనీ పేరు వద్దు, మీ పేరు కూడా వద్దు. వంద కథలు పోగైతే అది ఏ మార్కెట్లోనూ దొరకని పాఠ్యపుస్తకం అవుతుంది. దాన్ని అచ్చు వేసే బాధ్యత మన విద్యార్థి సంఘం తీసుకోవాలి. సావనీరుకి ప్రకటనలు తేగలిగినవాళ్ళం ఆపాటి పుస్తకం తేలేమా?

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామందిమి రేపు ఉద్యోగాల కోసం నాలుగు దిక్కులకీ పోతాం. కొందరు సాఫ్ట్‌వేరుకి, కొందరు బ్యాంకు పరీక్షలకి, కొందరు తిరిగి పొలానికి. ఎక్కడికి పోయినా ఏదో ఒక దీపం మన ముందు వెలుగుతూనే వుంటుంది. అంతా బాగుందని చెబుతూనే వుంటుంది. కాగితం మీద చెరువు పూడిక తీసినట్టే వుంటుంది. లెక్కల్లో హాస్టలు పిల్లలందరూ కడుపునిండా తిన్నట్టే వుంటుంది. సైన్సు చదివినందుకు మనకి మిగలవలసింది ఒక్క అలవాటు. ఆ దీపాన్ని నమ్మే ముందు అది దేన్ని చూసి వెలిగిందో అడగడం, అడిగి ఊరుకోకుండా లేచి వెళ్ళి వాల్వుని చూడడం. ఆ అలవాటు ఇవ్వగలిగితే మన కాలేజీ మనకి డిగ్రీ కంటే ఎక్కువే ఇచ్చినట్టు. ఇవ్వమని అడిగే హక్కు మనకుంది. వచ్చే విద్యాసంవత్సరం తలుపులు తెరిచేసరికి కనీసం ఒక్క ల్యాబులో, ఒక్క చెడిపోయిన బల్ల చూడాలని నా ఆశ.